కార్డు రాయని బండి

మా వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టదు. డమడమ మేస్త్రి అంటే చాలు. కార్లలో స్టీరియోలు, స్పీకర్లు బిగిస్తాడు. ఆయన షాపులో సబ్‌వూఫర్, అదే గుండెలదిరేలా మోగే పెద్ద స్పీకరు, మోగిందంటే, పక్కనే సీటు కవర్లు కుట్టుకునే నా మిషను మీద దారపు కండెలు గెంతుతాయి. ఇరవై ఏళ్లుగా తిట్టుకుంటూనే ఉన్నాను, ఆయనతోనే టీ తాగుతున్నాను.

పనిలో మాత్రం వంక పెట్టలేం. కంపెనీ స్టీరియోను పీకకుండా, దాని వెనక తీగల నుంచే పాటను సీటు కింద పెట్టే, మోత పెంచే ఆంప్లిఫయర్‌కు, అక్కణ్ణుంచి డిక్కీలోని సబ్‌వూఫర్‌కు అందిస్తాడు. ఆంప్లిఫయర్‌కు కరెంటు కోసం బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్ర తీగ లాగుతాడు. ఆ తీగకు మొదట్లోనే ఫ్యూజు ఉండాలి. లేకపోతే ఆ తీగ తొడుగు ఊడి బండి ఇనుముకు తగిలిన క్షణం నిప్పే. ఆయన పద్ధతేమిటంటే, పాటలో స్వరాల హెచ్చుతగ్గులు దిద్దే ఈక్వలైజరును సరిచేసేదాకా తీగను ఫ్యూజు లేకుండా నేరుగా కలిపి ఉంచుతాడు. అంతా అయ్యాక ఫ్యూజు పెట్టి, అది ఎన్ని ఆంపియర్లదో గ్యారంటీ కార్డు మీద రాసి చేతికిస్తాడు. కార్డు రాయాలంటే ఫ్యూజు చూడాల్సిందే. "నా చేతిలో పడ్డ ఏ బండీ ఇంతవరకు పొగ పెట్టలేదు" అని మీసం మెలేసేవాడు.

ఇవాళ పొద్దున ఆయన కూతురూ అల్లుడూ వచ్చారు. అమ్మాయికి ఏడో నెల. "నాన్నా, మా కార్లో పాట రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టుంది" అంది. ఇంకేముంది, మేస్త్రి నడుం బిగించాడు. ఆంప్లిఫయరూ సబ్‌వూఫరూ పెట్టి, ఎర్ర తీగ లాగాడు. ఈక్వలైజరు దగ్గరే గంటసేపు కూర్చున్నాడు. కీచుమనే పై స్వరాలు తగ్గించాడు. గొంతు వినిపించే మధ్య భాగాన్ని కాస్త లేపాడు. కడుపులో బిడ్డ ఉలిక్కిపడకుండా కింది మోతను మెత్తబరిచాడు. అమ్మాయి కళ్లు మూసుకుని విని "అబ్బ!" అంది. అప్పుడు చూడాలి ఆయన మొహం. భోంచేసి ఇద్దరూ బయల్దేరారు. వాళ్ల ఊరు మూడు గంటల ప్రయాణం.

కాసేపటికి ఇంకో కారు పని ముగించి, మేస్త్రి దాని కార్డు రాయబోయాడు. సగంలో కలం ఆగింది. లేచొచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"తమ్ముడూ, అమ్మాయి బండికి ఫ్యూజు పెట్టలేదు."

"నువ్వు మర్చిపోవడమేంటన్నా?"

"కార్డు రాయలేదు కదా. సొంతవాళ్లకి కార్డేంటిలే అని..."

ఆయన కూతురికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. అల్లుడికి చేశాడు. అదీ అంతే.

"పాట పెట్టుకుని ఉంటారు. ఆ మోతలో ఫోనెలా వినబడుతుంది? నేనే కదా చేసి పెట్టాను!" అని నెత్తి కొట్టుకున్నాడు. ఫోను స్పీకరు మీద పెట్టి నంబరు నేనే నొక్కుతూ పోయాను.

పద్నాలుగోసారి అమ్మాయి ఎత్తింది. "నాన్నా, ఎంత బాగుందో..."

"బండి ఆపించమ్మా. దిగి దూరంగా వెళ్లు. ఏమీ అడక్కు. ఫోను అల్లుడికియ్యి."

అల్లుడు బానెట్ తెరిచాడు. "బ్యాటరీ ప్లస్ దగ్గర ఎర్ర తీగ విప్పు బాబూ. స్పానర్ ఇంకెక్కడా తగలనీకు" అన్నాడు మేస్త్రి. అవతల ఇనుము చప్పుడు.

"విప్పేశాను మావయ్యా. ఇంజను పక్కన తీగ మీది తొడుగు ఒరుసుకుపోయింది. రాగి బయటపడింది. ఇనుముకి వేలెడు దూరం కూడా లేదు."

మేస్త్రి నా స్టూలు మీద కూలబడ్డాడు. మంచినీళ్లిచ్చి, "గండం గడిచిందన్నా" అన్నాను. ఆయన తాగలేదు.

"కార్డు రాయకుండా ఇంకా ఎన్ని చేశాను తమ్ముడూ? మా బావది చేశాను. మా అన్న కొడుకుది." నా కళ్లలోకి చూడలేక నేల చూశాడు. "నీదీ."

నాకెప్పుడూ కార్డు ఇవ్వలేదు. నేనూ అడగలేదు. మా ఆవిడ మనవణ్ణి బడి నుంచి తీసుకురావడానికి ఆ కార్లోనే వెళ్లింది. ఫోను చేశాను. మోగుతోంది. ఎత్తడం లేదు.