డోరిస్ గారి గొంతు

మొన్న ఆఫీసు మీటింగ్‌లో నా పక్కన కూర్చున్న కుర్రాడు జేబులోంచి దగ్గు బిళ్ళ తీసి కాగితం విప్పాడు. తేనె, పిప్పర్మెంటు కలిసిన ఘాటు ముక్కుకి తగిలింది. అంతే, చెబుతున్న మాట మధ్యలో ఆగిపోయాను. ఎదురుగా తెర మీద బ్రేకుల టెస్టింగ్ రిపోర్టు ఉంది, చుట్టూ టీమంతా నా వైపే చూస్తోంది, నాకు మాత్రం మిషిగన్‌లో మా ఊరు ట్రాయ్‌లోని కమ్యూనిటీ హాలూ, దాని చెక్క నేలా, ఎర్ర స్వెట్టర్ వేసుకుని నిలబడ్డ డోరిస్ గారూ కనిపిస్తున్నారు. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఈ వాసనే ఉండేది. "ఆర్ యూ ఓకే?" అన్నాడా కుర్రాడు. ఓకే అన్నాను. ఓకే ఏమిటి నా మొహం, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

డోరిస్ గారు డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి ఆవిడ. జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు. వెనక సీట్లో కొట్టుకునే పిల్లల్ని స్టీరింగ్ వదలకుండా ఒట్టి గొంతుతోనే విడదీసేదాన్నని చెప్పేవారు. ఆ గొంతు విన్నవాళ్ళెవరైనా ఆ మాట నమ్ముతారు. రిటైరయ్యాక ప్రతి శనివారం పొద్దున్న మా హాల్లో లైన్ డాన్సు నేర్పేవారు, అప్పుడప్పుడూ రోజంతా వర్క్‌షాప్ పెట్టి కొత్త డాన్సులు నేర్పేవారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: లైన్ డాన్సులో జోడీ ఉండదు. అందరూ వరసలుగా నిలబడి, ఒకే వైపు చూస్తూ, ఒకే అడుగులు వేస్తారు. నేర్పే మనిషి పాట నడుస్తుండగానే రాబోయే అడుగేమిటో గట్టిగా పిలుస్తూ ఉండాలి. ఆ పిలుపు అడుగు కంటే ఒక్క క్షణం ముందు పడాలి. ఆలస్యమైతే హాలంతా కకావికలైపోతుంది.

నేను అక్కడికి డాన్సు మీద మోజుతో వెళ్ళలేదు. షుగరు బోర్డర్‌లో ఉందని డాక్టరు భయపెట్టింది. రోజూ వాకింగ్ చెయ్ అన్నారు మావారు. మిషిగన్ చలిలో వాకింగ్, ఆయనకేం, ఎన్నైనా చెప్తారు. హాలు గుమ్మం దగ్గర పోస్టరు కనిపించింది: జోడీ అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు అని. మాట్లాడనక్కర్లేదు అని రాసి లేదు గానీ నేను దాన్ని కూడా కలుపుకుని చదువుకున్నాను. నాకు ఇంగ్లీషు రాక కాదు. చదివింది ఇంగ్లీషులో, ఉద్యోగం చేసేది ఇంగ్లీషులో. కానీ నోరు విప్పగానే ఎదుటివాళ్ళు "సారీ?" అంటూ మెడ ముందుకి చాపుతారు చూడండి, అదీ నా బాధ. ఏళ్ళ తరబడి అది వినీ వినీ మీటింగుల్లో మాట్లాడడమే మానేశాను. తెలిసిన జవాబైనా సరే, పక్కవాడు చెప్పేదాకా ఊరుకునేదాన్ని. టీమ్‌ని నడిపించాలంటే ముందు నీ గొంతు వినపడాలి కదా అని ఆ ఏడాది మా మేనేజరు అన్నాడు. ఒళ్ళు మండింది. ఆ మంట రెండింతలు కావడానికి కారణం, వాడు అన్నదాంట్లో తప్పేమీ లేకపోవడం.

మొదటి రోజు వెళ్ళి చిట్టచివరి వరసలో గోడ పక్కన నిలబడ్డాను. ముందువాళ్ళ కాళ్ళు చూసి కాపీ కొట్టొచ్చు, నన్నెవరూ చూడరు అని నా ఎత్తు. కాసేపు బాగానే నడిచింది. ఇంతలో డోరిస్ గారు "టర్న్" అన్నారు. హాలంతా గిరుక్కున వెనక్కి తిరిగింది. తిరిగి చూద్దును కదా, నా ముందు ఒట్టి గోడ. చివరి వరస కాస్తా మొదటి వరసైపోయింది. కాపీ కొట్టడానికి ఒక్క కాలు లేదు, పైగా అందరి కళ్ళూ నా కాళ్ళ మీదే. కొయ్యబారిపోయి అలాగే నిలబడ్డాను. వెనక నుంచి వస్తున్న హెలెన్ వచ్చి నా వీపుకి గుద్దుకుంది. ఆమె డెబ్బై దాటిన తెల్లావిడ, లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి, గుద్దుకున్నది ఆమె తప్పే అన్నట్టు తనే నాకు సారీ చెప్పింది. డోరిస్ గారు పాట ఆపి నా దగ్గరికి వచ్చారు.

"ఈ హాల్లో వెనక వరస అంటూ ఏదీ లేదు హనీ," అన్నారు నవ్వుతూ. "దాక్కోవాలని ఉంటే మధ్యలో నిలబడు."

ఆ తర్వాతి శనివారం నుంచీ మధ్యలో, హెలెన్ పక్కన నిలబడ్డాను. అక్కడ నా అసలు రోగం బయటపడింది. నేను ఏది నేర్చుకున్నా పైకి వల్లె వేసి నేర్చుకునే మనిషిని. ఎక్కాలూ అంతే, శ్లోకాలూ అంతే. ఈ దేశం వచ్చి డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళి "అద్దం చూడు, సిగ్నల్ వెయ్యి, భుజం మీంచి చూడు" అని గొణుక్కుంటుంటే, పక్కన కూర్చున్న ఆఫీసరు ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు. డాన్సు కూడా నాకు అలాగే ఎక్కింది. "కుడి, వెనక, కుడి, తట్టు. ఎడమ, వెనక, ఎడమ, తట్టు. తిరుగు." నాకు తెలియకుండానే పెదాల మీదికి వచ్చేసేది. ఒక రోజు డోరిస్ గారు వరసల మధ్య నడుస్తూ వచ్చి, నా పక్కన ఆగి, చెవి వంచి పాటంతా విన్నారు. పాట అయ్యాక, ఏమిటి చదువుతున్నావు, ప్రార్థనా అని అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. అడుగులేనండీ, మా భాషలో అనుకుంటున్నాను, ఇకమీదట అనను అన్నాను. నేను మానెయ్యమన్నానా అంటూ ఒక దగ్గు బిళ్ళ నోట్లో వేసుకుని వెళ్ళిపోయారు.

అప్పటినుంచి ప్రతి శనివారం ఏదో ఒక పాటకి వచ్చి నా పక్కన నిలబడేవారు. నా తప్పులు పడుతున్నారని అనుకున్నాను. ఆవిడ గొంతు మాత్రం వారం వారం బొంగురు పోతోంది. ఏమిటండీ ఇది అంటే, బస్సులో అరిచిన అరుపులన్నీ ఇప్పుడు బయటికొస్తున్నాయి అనేవారు. మేం నవ్వేవాళ్ళం. నవ్వాం కదా అని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆకులు రాలే రోజుల్లో వర్క్‌షాప్ పెట్టారు. ఆ రోజు నేర్పిన కొత్త డాన్సు మహా పెంకిది. కాలు ఒకవైపు వెళ్తుంటే ఒళ్ళు ఇంకోవైపు తిరగాలి. సాయంత్రానికి అందరికీ పట్టుబడింది. చెమటలు తుడుచుకుంటూ నీళ్ళు తాగుతున్నాం. డోరిస్ గారు మైకు తీసుకుని, ఈ రోజు బస్సు కాస్త ఆలస్యం అని చెప్పినంత మామూలుగా చెప్పారు.

"ఈ గొంతుని బాగా వినండి, ఇదే ఆఖరు. లోపల కాన్సర్ ఉంది. గురువారం డాక్టర్లు నా స్వరపేటిక తీసేస్తున్నారు."

హెలెన్ చేతిలోంచి నీళ్ళ సీసా జారిపడి నేల మీద దొర్లుకుంటూ పోయింది. ఎవరూ దాన్ని తీయలేదు. ఇన్నాళ్ళూ మేం ఒట్టి బొంగురు అనుకున్నది ఇదన్నమాట. ఒక మనిషి పొద్దున్నుంచీ అదే గొంతుతో మాకు అడుగులు పిలుస్తూ, జోకులు వేస్తూ, ఇంత మాట కడుపులో పెట్టుకుని ఎలా నిలబడింది? దాన్నుంచి తేరుకోకముందే ఆవిడ రెండో మాట అన్నారు. చలికాలం వర్క్‌షాప్‌లో నేను ముందు నిలబడి డాన్సు చేస్తాను, పిలుపులు ఉమ పిలుస్తుంది అని. హాలంతా నా వైపు తిరిగింది. ఉమ అంటే నేనే.

పార్కింగ్ లాట్‌లో ఆవిడ కారుకి అడ్డంగా నిలబడ్డాను. జబ్బు మనిషితో అలా మాట్లాడొచ్చా అని కూడా ఆలోచించలేదు. అందరి ముందూ నన్నడక్కుండా ఎలా చెప్తారని నిలదీశాను. అడిగితే వద్దంటావు కదా అన్నారు. నా ఇంగ్లీషు రెండోసారి చెప్తే గానీ ఎవరికీ అర్థం కాదన్నాను. ఈ మధ్య నేనూ ప్రతిదీ రెండుసార్లు చెప్తున్నాను, నువ్వు గమనించలేదు అన్నారు.

"మిగతావాళ్ళని కూడా విని చూశాను," అన్నారు తర్వాత. "వాళ్ళు అడుగు పడ్డాక చెప్తారు. నీ నోరు నీ కాలి కంటే ముందుంటుంది. నువ్వు ఏ భాషలో అంటున్నావో నాకు తెలీదు, కానీ సరిగ్గా పడాల్సిన చోటే పడుతోంది."

ఆవిడ కారు తాళాలు చేతిలో తిప్పుతూ నేల చూపులు చూశారు.

"ఇంట్లో నాకెవరూ లేరు, ఉమా. గొంతు లేకుండా ఆ గదిలో కూర్చుంటే నేనిక లేవను. క్లాసు ఆగిపోతే ఈ హాలు ఇంకెవరికో ఇచ్చేస్తారు. నేను వచ్చేసరికి ఇది ఇక్కడ ఉండాలి. భయంగా ఉంది నాకు."

బస్సు నిండా పిల్లల్ని గడగడలాడించిన మనిషి నోట ఆ మాట వినేసరికి నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఇంటికెళ్ళి చెబితే మావారు నోరు తెరిచి, "నువ్వా? మైక్‌లోనా? ఒప్పేసుకున్నావా?" అన్నారు. ఒప్పుకోలేదు, కాదనలేకపోయాను అన్నాను.

ఆపరేషన్ తర్వాత చూడ్డానికి వెళ్తూ ఫ్లాస్కు నిండా మిరియాల చారు పట్టుకెళ్ళాను. గొంతుకి మంచిదని. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆవిడ మెడ మధ్యలో ఒక రంధ్రం ఉంది, ఊపిరి అందులోంచి వస్తోంది, పోతోంది. నోటితో ఇంకా ఏమీ ఇవ్వకూడదని నర్సు చెప్పింది. చూసి నిర్ఘాంతపోయి, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏం చేయాలో తోచక మాట్లాడ్డం మొదలుపెట్టాను. మావారి గురకా, మా మేనేజరూ, హెలెన్ కొత్త బూట్లూ, మంచూ, ఏదొస్తే అది. ఎంతసేపు వాగానో, కిటికీ బయట చీకటి పడింది. అప్పుడు తట్టింది, అంతసేపూ ఇంగ్లీషులో మాట్లాడాను, ఒక్కసారి కూడా ఎవరూ సారీ అనలేదు. ఆవిడ పెదాలు బిగించుకుని వింటూనే ఉన్నారు. శబ్దం లేని నోరు ఎవరికీ చూపించడం ఆవిడకి ఇష్టం లేదు, చెప్పాల్సింది ఫోన్లో టైపు చేసి చూపించేవారు. ఆ రోజు టైపు చేసింది ఒక్కటే, మళ్ళీ వచ్చి మాట్లాడు అని. వెళ్ళాను, చాలాసార్లు.

అంతదాకా శనివారాల్లో మేమే పాటలు పెట్టుకుని పాత డాన్సులు చేసుకున్నాం. చలికాలం వర్క్‌షాప్ నాటికి ఆవిడ మెడకి పూల స్కార్ఫు కట్టుకుని వచ్చి ముందు నిలబడ్డారు. చిక్కి సగమయ్యారు. హాలు నిండిపోయింది, ఇతర ఊళ్ళ నుంచి కూడా కొత్త మనుషులు వచ్చారు. నేను మైకు పట్టుకుని ఆవిడ వెనక నిలబడ్డాను. పాట మొదలైంది. ఇంట్లో వారాల తరబడి ఇంగ్లీషు పిలుపులు ప్రాక్టీసు చేశాను, అవే అందుకున్నాను. కానీ నోటికి ముందు వచ్చేది 'కుడి'. దాన్ని 'రైట్' చేసేలోపు అడుగు పడిపోతోంది. నా పిలుపు వెనకబడింది, వరసలు ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి, హెలెన్ ఎవరి కాలో తొక్కేసింది. కొత్తగా వచ్చిన ఒకావిడ "సారీ, వాట్?" అంది. సరిగ్గా ఆ మాటే. మైకు అక్కడ పెట్టేసి కారెక్కి వెళ్ళిపోదామనుకున్నాను. ఆవిడకి మిగిలిన ఒక్క ఆధారాన్నీ నా చేతులతో నేనే కూలదోస్తున్నాననిపించింది.

డోరిస్ గారు చెయ్యెత్తి పాట ఆపించారు. హాలుకి వీపు పెట్టి నా వైపు తిరిగారు. ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఎవరి ముందూ కదపని పెదాల్ని, ఒక్కొక్క అక్షరానికీ కష్టపడుతూ, కదిపారు. శబ్దం లేదు. అయినా నాకు స్పష్టంగా తెలిసింది. కుడి. వెనక. కుడి. తట్టు.

గొంతు పోయాక ఆవిడ నోట నేను చూసిన మొదటి మాట నా భాషలో మాట. శనివారం శనివారం నా పక్కన నిలబడి ఆవిడ నా తప్పులు పట్టలేదు, నా మాటలు నేర్చుకున్నారు. పాట మళ్ళీ పెట్టించారు. నేను కళ్ళు తుడుచుకోకుండానే మొదలుపెట్టాను, తెలుగులో, గొణుగుడు కాదు, గట్టిగా. ముందుగా హెలెన్ కదిలింది, నెలల తరబడి నా పక్కన నిలబడింది కదా, ఆమెకీ వచ్చేసింది. మూడో వరస కదిలింది. కొత్తవాళ్ళు డోరిస్ గారి కాళ్ళు చూసి అందుకున్నారు. పాట సగానికి వచ్చేసరికి మాట తెలిసినవాళ్ళు నాతో పాటు పైకి అంటున్నారు. అమెరికా ఆడవాళ్ళు అంతమంది ట్రాయ్‌లో నిలబడి ఎడమ, వెనక, తిరుగు అంటుంటే ఇది నిజమేనా అని నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను.

ఆ తర్వాత ఆవిడ ఒక్క శనివారం కూడా మానలేదు. అడుగులు ఆవిడవి, పిలుపులు నావి. నెమ్మదిగా ఇంగ్లీషు పిలుపులు కూడా వేళకి పడ్డాయి, ఇప్పుడు రెండూ కలిపి పిలుస్తాను. ఆఫీసులో ఎవరైనా సారీ అంటే మళ్ళీ చెప్తాను, ఇంకా గట్టిగా. జబ్బు తిరగబెట్టి కిందటేడు ఆవిడ వెళ్ళిపోయారు. హాలు అలాగే ఉంది. క్లాసు అలాగే ఉంది.

దగ్గు బిళ్ళ వాసన తగిలిన ఆ రోజు రాత్రి పడుకుని, ఆవిడ గొంతు ఒక్కసారి వినాలని కళ్ళు మూసుకున్నాను. రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు. మొహం వచ్చింది, స్వెట్టర్ వచ్చింది, అన్న మాటలన్నీ వచ్చాయి, గొంతు మాత్రం లేదు. ఫోన్లో పాత వీడియోలు పెట్టి చూశాను, వాటిలో పాట హోరు తప్ప ఏమీ వినపడదు. భయం వేసింది. శనివారం వెళ్ళగానే హెలెన్‌ని పట్టుకుని అడిగాను, డోరిస్ గారి గొంతు నీకు గుర్తుందా అని. ఆమె కూడా కళ్ళు మూసుకుని వెతుక్కుంది.

"లేదు," అంది మెల్లగా. "ఆమె నేర్పిన డాన్సులు చేస్తున్నప్పుడు కూడా నాకు నీ గొంతే వినిపిస్తోంది."

నేను అక్కడే బెంచీ మీద కూలబడిపోయాను. ఎవరి గొంతు ఆగిపోకూడదని నేను నిలబడ్డానో, అది నా గొంతు కింద కప్పబడిపోయింది. ఇంతలో ఎవరో పాట పెట్టేశారు. వరసలు సర్దుకుని అందరూ నా వైపు చూస్తున్నారు. అడుగు కంటే ముందు పిలవాలి కనక ఏడవడానికి వ్యవధి లేదు. లేచి, మైకు తీసుకుని పిలిచాను.