పెళ్లికూతురి భుజం మీద చేయి

ఆఫ్రీన్ దుబాయ్‌లో పెళ్లి ఫొటోలు తీస్తుంది. ఏళ్ల తరబడి అదే పని. అయినా ఆమె దగ్గర తను తీసినదంటూ ఒక్క పెళ్లి ఫొటో కూడా ఉండేది కాదు.

అక్కడి అరబ్బుల ఇళ్లలో పెళ్లంటే ఆడవాళ్లకు ఒక హాలు, మగవాళ్లకు ఒక హాలు. ఆడవాళ్ల హాల్లోకి మగ ఫొటోగ్రాఫర్ నీడ కూడా పడదు. లోపలికి వెళ్లాక అందరూ ఒంటి నిండా కప్పుకున్న అబాయాలు తీసేస్తారు కనక గుమ్మం దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు. పెళ్లి ముగియగానే కెమెరాలోని కార్డు ఊడదీసి పెళ్లికూతురి తల్లి చేతిలో పెట్టాలి. కష్టం ఆఫ్రీన్‌ది, ఫొటోలు వాళ్లవి, పేరు స్టూడియోది.

ఇంకో కట్టడి కూడా ఉంది. పెళ్లికూతురి వెనక పరాయి ఆడవాళ్ల మొహాలు పడకూడదు. హాలు నిండా జనం తిరుగుతుంటే పడకుండా ఎలా ఉంటాయి? ఆ కిటుకు ఆఫ్రీన్ నానా తిట్లూ తిని నేర్చుకుంది. కెమెరాలో ఐఎస్ఓ అని ఒకటుంటుంది. పెంచితే కెమెరాకు ఆశ ఎక్కువై, మూలమూలల్లో ఉన్న కాస్త వెలుతురునూ లాగేసుకుంటుంది. తగ్గిస్తే ఫ్లాష్ పడినంత మేరే కనబడుతుంది. ఆఫ్రీన్ దాన్ని వందకు దించేసి, ఫ్లాష్‌ను స్టాండు మీద పెళ్లికూతురికి దగ్గరగా పెట్టి కొట్టేది. పెళ్లికూతురు వెలిగిపోయేది. వెనక ఉన్నవాళ్లంతా చీకట్లో కలిసిపోయేవారు. వెనక ఎంత నల్లగా వస్తే అంత మెచ్చుకునేవారు. చివరికి ఆ నలుపు చూస్తేనే ఆమెకు మనసు కుదుటపడేది.

దుబాయ్‌లోనే అల్ ఖూజ్ అనే పేటలో ఒక గోడౌన్‌ను స్టూడియోగా మార్చిన హైదరాబాదీ ఆవిడ బుష్రా. అప్పటిదాకా పనిచేస్తున్న స్టూడియో ఇచ్చిన వీసా మీద ఆఫ్రీన్ ఇంకా హెల్పరే. బుష్రా ఆమెను ఫొటోగ్రాఫర్‌గానే తీసుకుంటానంది. "ముందు నీ పని చూపించు" అని అడిగింది. చూపించడానికి ఏముందని?

అప్పుడే నెల్లూరులో చెల్లెలు రహమతున్నీసాకు పెళ్లి కుదిరింది. తల్లి పోయాక ఇద్దరినీ పెంచింది పెద్దక్క కుబ్రా బేగం. కుబ్రా మొగుడు చనిపోయి చాలా కాలమైంది. చీరల మీద, జాకెట్ల మీద మగ్గం వర్కు చేసి ఇల్లు నెట్టుకొచ్చింది. ఎప్పుడో తలుపు సందులో నలిగిన ఆమె చిటికెన వేలు పక్కకు వంగిపోయింది. ఆ వేలితోనే చెల్లెలి పెళ్లి ఓణీ నిండా జరీ పూలు కుట్టింది.

ఆఫ్రీన్ సెలవు పెట్టి వెళ్లింది. పెళ్లి చూడ్డానికి వెళ్లిందనుకోవడం మన అమాయకత్వం. ఆమె పనికి వెళ్లింది. పెళ్లి హాలు గుమ్మంలో నిలబడి, దుబాయ్‌లోలాగే, "ఫోన్లన్నీ లోపల పెట్టేయండి, నా ఫ్లాష్‌కు అడ్డం" అని ఆడవాళ్లందరినీ గదమాయించింది. దుబాయ్ నుంచి వచ్చిన పిల్ల గదా అని అందరూ విన్నారు. ఐఎస్ఓ వందకు దించింది. ఫ్లాష్ దగ్గరగా పెట్టింది. చేతులకు అలవాటైన పని, చేతులే చేసేశాయి. కుబ్రా ఆ సాయంత్రమంతా చెల్లెలి వెనకే నిలబడి ఓణీ సర్దుతూ, చెమట తుడుస్తూ, వంగి చెవిలో ఏదో చెప్తూ, కెమెరా లేచినప్పుడల్లా వెనక్కి జరుగుతూ ఉంది.

ఆల్బం నెల్లూరు చేరేసరికి ఆఫ్రీన్ దుబాయ్ వచ్చేసింది. కుబ్రా ఫోన్ చేసింది.

"బాగుండాయే ఫొటోలు. నేను యాడుండా ఇందులో?"

ఆఫ్రీన్ గబగబా కంప్యూటర్లో ఆ ఫొటోలు తెరిచి అక్క కోసం వెతికింది. చెల్లెలు పువ్వులా ఉంది, ఓణీ మీద జరీ మెరిసిపోతోంది, వెనకంతా నలుపు. అక్క మొహం ఒక్కదాంట్లోనూ లేదు.

"వెలుతురు చాల్లేదక్కా."

పచ్చి అబద్ధం. ఆ హాల్లో ట్యూబులైట్లు బోలెడున్నాయి. ఐఎస్ఓ పదహారు వందలకు పెంచి, ఫ్లాష్ కాస్త తగ్గించి ఉంటే కుబ్రా నిక్షేపంగా పడేది. కెమెరా మీది చక్రం ఒక్కసారి తిప్పితే అయ్యే పని.

"చూసినోళ్లంతా అడగతా ఉండారే, మొగుడు లేనిదాన్నని నిన్ను ముందుకు రానీలేదా అని. ఏమని చెప్పేది?" అంది కుబ్రా. మళ్లీ తనే సర్దుకుంది. "పోనీలే, ఒకదాంట్లో నా చెయ్యి పడింది. పిల్ల భుజం మీద. వంకరేలు తెలస్తా ఉండాది. అదే చూపిస్తా ఉండా అందరికీ."

సెలవు రోజంతా ఆఫ్రీన్ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ నలుపును వెలిగించాలని చూసింది. రాగిపిండి చల్లినట్టు చుక్కలు లేచాయి తప్ప మొహం రాలేదు. పరాయి ఆడవాళ్లను ఎంత పనితనంతో దాచిందో, అంత పనితనంతోనూ సొంత అక్కను దాచేసింది. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

బుష్రా మాత్రం ఆ ఫొటోలు చూసి మురిసిపోయింది. "వెనక ఒక్కరు గూడ లేరు, మాషాల్లా. మా కస్టమర్లకు గిట్లనే కావాలె" అంది. ఉద్యోగం వచ్చింది. వీసా మీద ఫొటోగ్రాఫర్ అని పడింది. వాటిలో మంచిది ఏరి స్టూడియో గోడకు నిలువెత్తున పెడతానంది బుష్రా. చెల్లెలు ఒప్పుకుంది. బుష్రా ఏరింది భుజం మీద చేయి ఉన్న ఫొటోనే.

"ఈ చెయ్యి ఎవరిది?"

"మా అక్కది."

"తీసెయ్. చెయ్యి కనబడితే, రేపు మా చెయ్యి గూడ పడ్తదేమో అని కస్టమర్లు భయపడ్తరు. తీసి ప్రింటుకు పంపు, ఖలాస్."

అక్కది అన్నాక కూడా బుష్రా గొంతు మారలేదు. ఈ ఒక్కటీ ఉంచుదామని ఆఫ్రీన్ అనవచ్చు. అనలేదు. కొత్త వీసా, కొత్త యజమానురాలు, ఇంకా మొదటి నెలే. కంప్యూటర్లో ఆ ఫొటో తెరిచి, ఓణీ మీద పక్కనున్న జరీ పూలను తెచ్చి చేయి మీద కప్పింది. అవి ఆ చేయి కుట్టిన పూలే. వంకర వేలు ఉన్న చోట ఇప్పుడు చక్కటి పువ్వు ఉంది. ఇంత నీచమైన పని జన్మలో చేయలేదని ఆమెకు అనిపించింది. అనిపించినా ప్రింటుకు పంపింది.

ఫొటో గోడకు ఎక్కిన సంగతి చెల్లెలి ద్వారా తెలిసి కుబ్రా వీడియో కాల్ చేసింది. పక్కన ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టుకుంది.

"చూపీవే, దుబాయ్ గోడ మీద మా పిల్లని చూస్తారంట వీళ్లు. నా చెయ్యి కూడా చూపీ."

ఆఫ్రీన్ ఫోన్ తిప్పింది. ఫొటో పైన బుష్రా పెట్టించిన లైట్లు వరసగా వెలుగుతున్నాయి. కుబ్రా మొహం తెరకు దగ్గరగా వచ్చింది. కళ్లు చికిలించి చాలాసేపు వెతికింది.

"చెయ్యి కనబళ్లేదే నాకు."

"ఇక్కడ వెలుతురు చాల్లేదక్కా" అంది ఆఫ్రీన్.

"అంతేనా. సర్లే, ఉండాది గదా, అది చాలు" అని కుబ్రా పక్కవాళ్ల వైపు తిరిగింది. "ఈడ తెలీడం లేదంతే, ఆడ బాగా పడుంది నా చెయ్యి." మళ్లీ ఫోన్ వైపు వచ్చింది. "వచ్చినోళ్లకి చెప్తా ఉండవే, అది మా అక్క చెయ్యని."

"చెప్తానక్కా" అంది ఆఫ్రీన్.