బస్సెక్కిన బంతి

నేను చెప్పేవాటిలో సగం నమ్మొద్దని మా ఆవిడ ఇంటికొచ్చిన కొత్తవాళ్ళకి మంచినీళ్ళతో పాటే చెప్పేస్తుంది. ఏ సగమో మాత్రం చెప్పదు, తనకీ తెలీదు గనక. అందుకని ముందే చెబుతున్నాను. ఇందులో బంతి బస్సెక్కిన సంగతి ఒక్కటే కల్పితం. మిగతాదంతా జరిగింది.

కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే భయం పోయి, ఆ భయం పేరు చెప్పుకుని వచ్చిన ఉద్యోగాలు మాత్రం మిగిలిన రోజులవి. సింగపూర్‌లో ట్రెయిన్ పెట్టెలో ఎవరైనా తుమ్మితే, వెనకనించి ఎవరో ఒకరు ‘చిరంజీవ’ అనేవారు. అంతమంది తెలుగువాళ్ళం దిగాం. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, ఆదివారం పొద్దున్నే తెల్ల ప్యాంట్లు తొడుక్కుని క్రికెట్‌కి పోయేవాళ్ళం. జట్లన్నీ కాలేజీల వారీగా ఉండేవి. చదివేటప్పుడు క్లాసులు ఎగ్గొట్టిన కాలేజీల పేర్లే వీపు మీద రాయించుకుని, బంతి కోసం వంగితే మళ్ళీ లేవడానికి పక్కవాడి చెయ్యి కావలసిన వయసులో ఆ కాలేజీల పరువు కోసం పోట్లాడుకునేవాళ్ళం.

మా కాలేజీ హైదరాబాదులో ఒక రోడ్డుకి ఇటువైపు. పేరున్నది, గ్రౌండున్నది. అటువైపు ఇంకో కాలేజీ. మూడంతస్తుల బిల్డింగు, కింద చెప్పుల షాపు. మధ్యలో ఇరానీ హోటలు. ఆ అటువైపు కాలేజీ జట్టుకి సింగపూర్‌లో కెప్టెన్ పాతబస్తీ మనిషి, టాంపినీస్‌లో ఉండేవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాడు, మాతో తెలుగు. నన్ను మామా అనేవాడు, నేనతన్ని భాయ్ అనేవాణ్ణి. నేను మా జట్టుకి కెప్టెన్ని. బాగా ఆడినందుకు కాదు, బాగా మాట్లాడినందుకు.

ఏటా సీజన్‌లో మొదటి మ్యాచ్ మా రెండు జట్లకే. కాలేజీ రోజుల్లో ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి ఇరానీ చాయ్ తాగించేవాళ్ళు. సింగపూర్ వచ్చాక అది వంటగా మారింది. ఓడిన జట్టు వండాలి, గెలిచిన జట్టు గిన్నెలు తోమాలి. దీనికి నేనొక నిబంధన తగిలించాను. మైదానానికి రాని జట్టు ఓడినట్టే, వాళ్ళే వండాలి. వాళ్ళది చిన్న కాలేజీ గదా, సింగపూర్‌లో వాళ్ళ వాళ్ళు పదకొండు మంది కూడటమే గగనం. ఒకరికి డెడ్‌లైనో, ఒకరి ఇంట్లో జ్వరమో వచ్చిందంటే మ్యాచ్ లేకుండానే మాకు బిర్యానీ. భాయ్ చేతి బిర్యానీ తిన్నవాడెవడైనా అలాంటి నిబంధనే పెడతాడు. మేం ఓడితే మాత్రం నేను గోంగూర పప్పు వండేవాణ్ణి. ప్రతిసారీ ఉప్పు తక్కువయ్యేది. మేం అన్నిసార్లు గెలవడానికి కారణం మా బౌలింగు కాదనీ, నా పప్పు తినడం ఇష్టం లేక వాళ్ళే ఓడిపోయేవాళ్ళనీ భాయ్ ఊరంతా చెప్పేవాడు. అందులో కొంత న్యాయం లేకపోలేదు, గెలిస్తే నా పప్పు తినాలి గదా మరి.

అంపైర్‌గా ఒక అంకుల్ ఉండేవారు. ఆయన తాతగారు విశాఖ వైపునించి తెల్లదొరల కాలంలో ఓడెక్కి వచ్చారట. ఆయన తెలుగులో తమిళం, మలయ్ కలిసిపోయి ఉండేవి. అవుట్ ఇచ్చేటప్పుడు మాత్రం స్వచ్ఛమైన ఇంగ్లీషు.

భోజనాల దగ్గర నా వంతు కథ. భాయ్ అడిగేవాడు, “మామా, బస్సు కథ చెప్పు” అని. వాళ్ళ కాలేజీకి గ్రౌండు లేక మేడ మీద ఆడేవాళ్ళు. భాయ్ కొట్టిన బంతి కింద పోతున్న సిటీ బస్సు మీద పడింది. ఫీల్డరు వెనకొచ్చిన బస్సెక్కి తరిమాడు. సికింద్రాబాద్ దగ్గర బంతి దొరికింది గానీ, కండక్టరు బంతికి కూడా టికెట్ కొట్టమన్నాడు. బంతి గుండ్రంగా ఉంది, ఎక్కడ ఎక్కిందో తెలీదు గనక మొదటి స్టేజీ నించి కొడతానన్నాడు. ఆ తగువు తేలి ఫీల్డరు వెనక్కి వచ్చేసరికి భాయ్ ఇంకా పరుగులు తీస్తూనే ఉన్నాడు. మధ్యలో ఇంటర్ పాసై డిగ్రీలో కూడా చేరాడు. ప్రతి ఏడూ కథ ఒక స్టేజీ ముందుకు పోయేది. “కండక్టర్‌ది సరిగ్గ చెప్పు, తొందర పడకు” అని భాయే అందించేవాడు. ఆ కథ చెప్పింది నేనైనా, అది వాళ్ళది.

ఇక నా ఉద్యోగం సంగతి. అమెరికా కాలేజీల ఆటల్ని ఆసియా టీవీల్లో చూపించే ఒక కంపెనీకి మా ఆఫీసు ప్రోగ్రాములు రాసేది. అక్కడ కాలేజీలు కొన్ని కొన్ని కలిసి ఒక గుంపుగా ఉంటాయి, మన జిల్లా పోటీల్లాగా. ఏ కాలేజీ ఏ గుంపులో ఉందో, ఎవరు ఎవరితో ఏ శనివారం ఆడతారో కంప్యూటర్లో సరిచూడటం నా పని. ఆ రోజుల్లో ఆ గుంపులు మారడం మొదలైంది. ఎక్కువ టీవీ డబ్బు వచ్చే గుంపులోకి కాలేజీలు ఒక్కొక్కటే గెంతాయి. పక్క ఊరి కాలేజీతో తాతల నాటినించి ఆడుతున్న కాలేజీ, దాన్ని వదిలేసి, విమానమెక్కి పోతే తప్ప చేరలేని ఊళ్ళతో జతకట్టింది. ఆ రెండు కాలేజీల పేర్లూ పక్కపక్కనే ఉన్న గడిని నేనే చెరిపేశాను. చెరపడానికి ఒక్క మీట చాలింది.

ఆ ఆదివారం భోజనాల దగ్గర అది చెప్పాను. కాస్త ఉప్పూ కారం చల్లి, ఆ రెండు కాలేజీలు ఎంత దగ్గరంటే ఒకళ్ళ గంట కొడితే రెండో కాలేజీ పిల్లలు ఇంటికి పోయేవాళ్ళని కూడా అన్నాను. అందరూ నవ్వారు. భాయ్ నవ్వలేదు.

“మరి ఆట అయినంక వాళ్ళు ఎవలతోటి తింటరు మామా?” అనడిగాడు.

బిర్యానీ మళ్ళీ వడ్డించమన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఒక తెలుగు టీవీ ఛానెలాయన దిగాడు. విదేశాల్లో తెలుగువాళ్ళ ఆటలు చూపించే కార్యక్రమం. వెనక డబ్బు పెట్టేది హైదరాబాద్ చుట్టూ ప్లాట్లు అమ్మే కంపెనీ. ఐటీ వాళ్ళం ప్లాట్లు కొనే రోజులు గదా. కెప్టెన్లందరినీ బిషాన్‌లో ఒక హాకర్ సెంటర్‌లో కలుస్తానన్నాడు, తిండికొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు. అక్కడి పద్ధతిలో టిష్యూ పొట్లాలు పెట్టి రెండు టేబుళ్ళు ముందే పట్టుకున్నాం. మా కాలేజీ, వరంగల్ వాళ్ళది, కాకినాడ వాళ్ళది, ఇలా ఒక్కొక్కరూ తమ కాలేజీ ఘనత చెప్పుకొచ్చారు. భాయ్ వంతు వచ్చింది. భాయ్ సిగ్గరి, తన గురించి తను చెప్పుకోలేడు. నా భుజం తట్టి, “నువ్వు చెప్పు మామా. బస్సుది చెప్పు” అన్నాడు.

చెప్పాను. అంత బాగా అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. పక్క టేబుళ్ళ దగ్గర తెలుగు రాని చైనావాళ్ళు కూడా నవ్వారు. ఛానెలాయన కళ్ళు తుడుచుకోవడానికి, టేబుల్ పట్టుకోవడానికి మేం పెట్టిన టిష్యూలు వాడాడు.

“భలే ఉందండీ,” అన్నాడు. “అంటే గ్రౌండు కూడా లేని కాలేజీ అన్నమాట.” అని తర్వాతి కెప్టెన్ వైపు తిరిగాడు.

అందరి నవ్వూ ఆగాక కూడా భాయ్ నవ్వు కాసేపు సాగింది. ఆపడానికి సందు దొరకని నవ్వది. కథలో ఇంకో ముక్క ఉందనీ, ఆ మేడ మీద నేర్చుకున్నవాళ్ళే కాలేజీ రోజుల్లో మమ్మల్ని మా గ్రౌండు మీద ఓడించేవాళ్ళనీ అప్పుడే చెప్పాల్సింది. అదీ నిజం ముక్క. నిజం చెప్పడం నాకు అలవాటు తప్పిపోయింది.

వారం తిరక్కుండా కబురొచ్చింది. పేరున్న కాలేజీలు ఒక గ్రూపు. వాటికి దీపాలున్న మైదానం, రంగు జెర్సీలు, టీవీ. మిగతావాళ్ళు మునుపటిలా ఎక్కడైనా ఆడుకోవచ్చు. పేరున్న గ్రూపులోవాళ్ళు బయటి జట్లతో ఆడకూడదు. మేం లోపల, భాయ్ వాళ్ళు బయట. మాతో మ్యాచ్ ఉందన్న ఆశతోనే వాళ్ళ వాళ్ళు ఆదివారం మంచం దిగేవాళ్ళని నాకు బాగా తెలుసు. అది తీసేస్తే ఆ జట్టు నిలవదు.

మా ఇంట్లో మా జట్టు కూర్చుంది. మొదటి మ్యాచ్ భాయ్ వాళ్ళతో ఆడనిస్తేనే వస్తాం అని చెప్పేద్దామని నేను నోట్లో వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. వచ్చినవాళ్ళు అప్పటికే జెర్సీ సైజులు మాట్లాడుకుంటున్నారు. ఊళ్ళో ఎవరెవరు టీవీ చూస్తారో చెప్పుకుంటున్నారు. మా అమ్మాయి గుమ్మంలోంచి, “నాన్నా, యూ విల్ బీ ఫేమస్ లా” అంది, సింగపూర్ పిల్లల్లాగే చివర ‘లా’ తగిలించి. అందరూ నా వైపు చూశారు.

“అమెరికాలో అంతంత కాలేజీలే ఇలా చేస్తున్నాయి. మనమెంత?” అన్నాను.

అంతే. సిద్ధం చేసుకున్న వాక్యం అలాగే మింగేశాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. అదే ఇబ్బంది. బలవంతం చేసి ఉంటే ఈపాటికి దాన్ని మంచి కథగా మార్చేసుకునేవాణ్ణి.

టీవీ సీజన్ బాగానే జరిగింది. ఛానెల్ వాళ్ళకి కుదిరిన వేళ అని మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడించారు. వికెట్ పడితే, కెమెరాకి సరిగ్గా పడలేదు, ఇంకోసారి గంతులెయ్యండి అనేవాళ్ళు. అవుటైపోయినవాణ్ణి కూడా పిలిచి మళ్ళీ దిగులుగా నడిపించారు. భోజనం డబ్బాల్లో వచ్చేది, మూత మీద ప్లాట్ల బొమ్మతో. గిన్నెల్లేవు గనక తోమడమూ లేదు. వరంగల్ వాళ్ళు తమ డబ్బాలు పట్టుకుని అటు చెట్టు కిందికి, మేం ఇటు నీడకి. అంపైర్ అంకుల్ స్థానంలో చొక్కా మీద బ్యాడ్జీ ఉన్న ఆయన్ని తెచ్చారు. అంకుల్ ఒక రోజు ప్రేక్షకుడిగా వచ్చి, డబ్బా మూత తీసి చూసి, “ఇది మకాన్ కాదు తంబీ, పార్సెల్” అని, భోజనానికి ఆయన వాడే మలయ్ మాటతో, నా చేతికిచ్చి బస్టాపు వైపు వెళ్ళిపోయారు.

సీజన్ మధ్యలో భాయ్ వాళ్ళ జట్టులో బాగా బంతులేసే అబ్బాయి మమ్మల్ని అడిగాడు, మీలో ఆడొచ్చా అని. వాడి తప్పేముంది, మ్యాచ్‌లు లేక మూలుగుతున్నాడు. కాలేజీ వేరైనా రోడ్డు ఒకటే గదా అని మావాళ్ళు సర్దుకున్నారు. జెర్సీ నేనే ఇచ్చాను. దాంతో భాయ్ జట్టు ఖతం. భాయ్ మాత్రం రంజాన్‌కి షీర్ ఖుర్మా ఎప్పటిలాగే పంపాడు. అది తియ్యగానే ఉంది.

టీవీలో నేను కనిపించాను. ప్లాట్ల మధ్యలో మ్యాచో, మ్యాచ్ మధ్యలో ప్లాట్లో తెలీకుండా. మా ఆవిడ, “మీ కథల్లో కన్నా పొట్టిగా ఉన్నారు” అంది.

షూటింగ్ లేని ఒక ఆదివారం పొద్దున్నే లేచి గోంగూర పప్పు వండాను. పెద్ద గిన్నెతో అన్నం, పప్పు గిన్నెకి గుడ్డ కట్టి, జురాంగ్ ఈస్ట్‌లో ట్రెయినెక్కి ఊరికి ఆ చివరున్న టాంపినీస్ దాకా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. ఆ వాసనకి పెట్టెలో సగం మంది దిగాల్సిన స్టేషన్లు మరిచిపోయారని మామూలుగా అయితే చెప్పేవాణ్ణి. నిజానికి ఒకామె లేచి దూరంగా వెళ్ళి కూర్చుంది.

తలుపు తీసి భాయ్ నన్నూ గిన్నెల్నీ చూశాడు.

“ఏంది మామా ఇది?”

“ఈ ఏడు మ్యాచ్‌కి మేం రాలేదు గదా భాయ్. రానివాళ్ళు ఓడినట్టే.”

అతను గిన్నె అందుకుని, ఫోన్ తీసి చుట్టుపక్కల బ్లాకుల్లో ఉన్న తన జట్టువాళ్ళని పిలిచాడు. వచ్చినవాళ్ళు ఒక జట్టుకి చాలరు, ఒక భోజనానికి చాలు. మా బౌలరు, అంటే వాళ్ళ బౌలరు కూడా వచ్చాడు, తల వంచుకుని. భాయ్ వాడికే ముందు వడ్డించాడు. భాభీ పెద్ద అప్పడాల కట్ట వేయించింది. ఎవరూ టీవీ మాట ఎత్తలేదు. ఎత్తితే ఎలా తప్పించుకోవాలో దారి పొడుగునా ఆలోచించుకుని వచ్చాను, ఆ ఆలోచనంతా వృథా పోయింది.

“ఉప్పు తక్కువ పడ్డది,” అన్నాడు భాయ్, రెండోసారి వడ్డించుకుంటూ.

తినడం కాగానే గిన్నెలెత్తి వంటింట్లోకి నడిచాను. భాయ్ వెనకే వచ్చి నన్ను మోచేత్తో పక్కకి నెట్టాడు.

“జరుగు. గెలిచినోళ్ళం మేము.”

చొక్కా చేతులు మడిచి సింకు ముందు నిలబడ్డాడు. నేను ముందుగదిలోకి వచ్చి నేలమీద కూలబడ్డాను. భాయ్ కూతురు వచ్చి పక్కన చేరింది. “అంకుల్, టెల్ ద బస్ స్టోరీ లా” అంది. మిగతా పిల్లలూ మూగారు. ఆ కథ వల్లే వాళ్ళు బయట మిగిలారు. చివరికి ఒక ఉపాయం తోచింది.

“మా కాలేజీకి గ్రౌండు లేదమ్మా. మేడ మీద ఆడుకునేవాళ్ళం. ఒకరోజు నేను కొట్టిన బంతి...”

వంటింట్లోంచి, కుళాయి చప్పుడు మీదుగా, భాయ్ గొంతు వినిపించింది.

“గలత్ చెప్తున్నవ్ మామా. గ్రౌండు లేంది మాకు. బంతి కొట్టింది నేను. మా కథ మాకే ఉండనియ్.”

కోపమో, పరాచికమో, ముందుగదిలోంచి అతని వీపు చూస్తే తెలియలేదు. మోచేతులు కదులుతున్నాయి, గిన్నె అడుగున మాడిన పప్పు గీకుతున్నాడు. నేను మళ్ళీ మొదటినించి మొదలుపెట్టాను, వాళ్ళ మేడ, వాళ్ళ చెప్పుల షాపు, ఆ పిల్ల నాన్న కొట్టిన బంతి. కండక్టరు దగ్గరికి వచ్చేసరికి తొందర పడలేదు. అప్పుడు కుళాయి ఆగింది. గిన్నెలు అయిపోయాయో, వింటున్నాడో, ఇటు తిరగలేదు.