తమ్ముడున్నాడు

ఆ ఎముకల ఆసుపత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఊడ్చే ఆవిడ నుంచి పెద్ద డాక్టరుగారి దాకా అందరికీ అతను లిఫ్టన్నే. ఆసుపత్రి కట్టిన కొత్తలో చేరాడు. మూలనున్న ఎత్తు స్టూలు మీద కూర్చుని, కాలికి కట్టు వేయించుకోబోయేవాళ్లను పైకీ, కట్టు విప్పించుకున్నవాళ్లను కిందికీ చేరవేస్తూ ఉండగానే జుట్టు నెరిసింది. మొత్తానికి అతని జీవితమంతా పైకి వెళ్లడమూ కిందికి రావడమే, ముందుకు మాత్రం ఒక్క అడుగూ పడలేదని అతనే నవ్వుతూ చెప్పుకునేవాడు.

చుట్టాల్లో అతనికి ఇంకో పేరుంది: ‘మన డాక్టరు’. ఆ పేరు వేళాకోళానికే పుట్టింది. పిన్ని కొడుకు గోడ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు, లిఫ్టన్న వాణ్ని వరసలో కూర్చోనివ్వకుండా సరాసరి ఎక్స్‌రే గదికి తీసుకెళ్లి, కట్టు వేయించి, సాయంత్రానికల్లా ఇంటికి పంపించాడు. ఆ తర్వాత పిన్ని వాళ్ల అత్తగారి తుంటి ఎముక. ఆ తర్వాత ఎవరికి తల నొచ్చినా, ఒళ్లు వెచ్చబడినా, కడుపులో మెలిపెట్టినా అతనికే ఫోను. ఎముకల డాక్టరు జ్వరానికి రెండు మాత్రలు రాయలేడా? రాసేవారు. జ్వరమూ తగ్గేది, ఎలాగూ తగ్గే జ్వరమే కాబట్టి. పేరు మాత్రం లిఫ్టన్నకు వచ్చేది. పొగిడితే చేదనిపించే మనిషి ఎక్కడుంటాడు? ‘మన డాక్టరు’ అని పిలిస్తే మొదట్లో కసురుకునేవాడు, పోనుపోను పలకడం మొదలుపెట్టాడు.

ఆ పలకడం వెనక గర్వం ఒక్కటే లేదు. వాళ్లమ్మ చావు కూడా ఉంది.

అప్పటికి అక్కకు ఇంకా పెళ్లీడు రాలేదు. అతను నిక్కర్ల వయసులో ఉన్నాడు. అమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, మెట్ల కింద ఒక చక్రాల మంచం మీద పడుకోబెట్టి, పిల్లలిద్దరూ చెరో పక్కా నిలబడ్డారు. లోపల తెలిసినవాళ్లున్న మనుషులు వాళ్లను దాటుకుంటూ వెళ్లిపోతున్నారు. తెల్లకోటు కనిపించినప్పుడల్లా అక్క ‘అయ్యా’ అంటోంది. ఎవరూ ఆగలేదు. మధ్యాహ్నం ఎవరో వచ్చి చూసేసరికి ఇక చూడ్డానికేమీ మిగల్లేదు. ఇంటికి తిరిగొస్తూ అక్క ఒకటే మాట అంది. “మనవాడంటూ ఒక్కడు లోపల ఉండుంటే అమ్మ బతికేదిరా.”

ఆ మాట ఇద్దరి మనసుల్లోనూ నాటుకుపోయింది. అక్క కుట్టుమిషను తొక్కి అతన్ని పెంచింది. తన పెళ్లయ్యాక కూడా తమ్ముడికి ఒక దారి చూపించేదాకా నిద్రపోలేదు. ఆసుపత్రిలో లిఫ్టు నడిపే పని దొరికిందని తెలిసిన రోజు, కలెక్టరు ఉద్యోగం వచ్చినా అంత సంబరపడేది కాదేమో. వాళ్లిచ్చిన నీలం చొక్కా ఒంటికి వేలాడుతోందని, దాన్ని మొత్తం విప్పేసి మళ్లీ కుట్టింది. ఆ తర్వాత ఇచ్చిన ప్రతి చొక్కానూ అంతే. అతను పనిలో చేరిన మొదటి వారంలోనే వచ్చి, ఏ పనీ లేకపోయినా లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతూ, ఎక్కిన ప్రతివాళ్లతోనూ “వీడు మా తమ్ముడు” అని చెప్పింది. అతను సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె మాత్రం ఇంటికి వెళ్లేదాకా చెబుతూనే ఉంది.

అలా ఏళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దెక్కాక బావ ఫోను చేశాడు. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే బావ నోట్లో నాలుక లేని మనిషి. గొంతు పెంచితే అవతలివాళ్లు నొచ్చుకుంటారేమోనని మెల్లగా మాట్లాడేవాడు. ఆ రోజు గొంతు పెంచాడు.

“ఒరేయ్ బావమరిదీ, మీ అక్క వాలకం బాలేదురా. పొద్దున్న లేస్తూనే కుడిచెయ్యి తిమ్మిరిగా ఉందంది. ఒత్తిగిలి పడుకుందేమోలే అనుకున్నాం. ఇప్పుడు కత్తెర చేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకి లాగేస్తోంది, మాట ముద్దగా వస్తోంది. పెద్దాసుపత్రి మా వెనకవీధేగా, అక్కడికి తీసుకెళ్లిపోనా?”

“అక్కడికా? అమ్మని తీసుకెళ్లింది చాలదా? అక్కడ మనల్ని పట్టించుకునే నాథుడెవడున్నాడు బావా? ఆటో ఎక్కించి ఇటు తీసుకొచ్చెయ్.”

“ఊరికి ఆ చివర కదరా మీది. అసలే వంతెన దగ్గర రోడ్డు తవ్వేశారు...”

“దారిలో ఎంతసేపైనా కానీ, ఇక్కడికొచ్చాక క్షణం కూడా ఆగక్కర్లేదు. నేనున్నాను కదా.”

ఫోనులో వెనకనుంచి అక్క గొంతు ముద్దముద్దగా వినిపించింది. “తమ్ముడున్నాడు. తమ్ముడి దగ్గరికే పోదాం.” ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నాక బావ ఇంకేమంటాడు?

లిఫ్టన్న ఆగమేఘాల మీద ఏర్పాట్లు చేశాడు. చక్రాల మంచం తెచ్చి, ఉతికిన దుప్పటి పరిచి, గుమ్మం దగ్గర నిలిపాడు. చీటీలు రాసే అమ్మాయికి ముందే చెప్పి ఉంచాడు. రోడ్డు మీదికి పదిసార్లు వెళ్లి చూశాడు. ఆటో మాత్రం రాలేదు. వంతెన దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయని బావ మధ్యలో ఒకసారి ఫోను చేశాడు. వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. బావ భుజం మీద తల వాల్చిన అక్క, తమ్ముణ్ని చూడగానే నవ్వింది. ముఖంలో ఎడమ సగం మాత్రమే నవ్వింది.

పెద్ద నర్సు వచ్చి అక్క చేతులు రెండూ పైకెత్తించింది. ఎడమచెయ్యి నిలిచింది, కుడిచెయ్యి దుప్పటి మీద పడిపోయింది.

“అన్నా, ఇది మన దగ్గర కాదు,” అంది నర్సు. “తలలో ఏదో అయింది. బ్రెయిన్ డాక్టరున్న చోటికి తీసుకెళ్లు, ఇప్పుడే.”

“పెద్ద డాక్టరుగారు ఒక్కసారి చూస్తే చాలు సిస్టర్.”

“ఆయన ఆపరేషన్లో ఉన్నారు. చూసినా ఇదే చెప్తారు.”

“నా మాట కాదనరు. చూడనీ.”

అన్నేళ్ల పరిచయంలో మొదటిసారి అతనికి ఆమె మీద కోపం వచ్చింది. వేరేవాళ్లకు చెప్పినట్టే తనకూ చెబుతుందా? తను పరాయివాడా? మంచాన్ని లిఫ్టులోకి తోశాడు. ఊతకర్రలతో ఎక్కబోయిన ఒక ముసలాయన్ని ఆగమన్నాడు. మధ్యలో ఎక్కడా ఆపకుండా ఆపరేషన్ గది ఉన్న పై అంతస్తుకు తీసుకెళ్లి, లోపలికి కబురు పంపి, మూసిన తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు పైన ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. బావ ఒకసారి “పోనీ కిందికి పోదామంటావేమిట్రా” అన్నాడు. “వచ్చేస్తారు బావా” అన్నాడు లిఫ్టన్న. అక్క కళ్లు మూతలు పడుతున్నాయి.

డాక్టరుగారు వచ్చారు. లిఫ్టన్న కబురు పంపాడని తెలిసి బట్టలైనా మార్చుకోకుండా వచ్చారు. ఆయనకు అతనంటే నిజంగానే అభిమానం. కానీ ఆ అభిమానంతో చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఒక్కసారి చూసి ఆయన మొహం మారిపోయింది.

“మెదడుకి రక్తం అందట్లేదయ్యా. ఎముకల వాణ్ని, నేనేం చెయ్యను? పెద్దాసుపత్రిలో దీనికోసమే వార్డు పెట్టారు, నీకు తెలీదా? వేళకి వెళితే ఇంజక్షన్ ఇస్తారు. పద పద, అంబులెన్సు నేను చెప్తాను.”

తల కొట్టేసినట్టయింది లిఫ్టన్నకు. ఇరవై ఏళ్లుగా ఆసుపత్రిలోనే బతుకుతూ, అమ్మ పోయిన ఆ మెట్ల దగ్గరే ఆ పెద్దాసుపత్రి ఆగిపోయి ఉందనుకున్నాడు.

మళ్లీ అదే దారి, అదే వంతెన. అంబులెన్సు అక్క ఇంటి ముందు నుంచే వెళ్లింది. బావ కంగారులో తలుపు సరిగా వేయలేదు. లోపల మిషను మీద సగం కుట్టిన చొక్కా కనిపించింది. లిఫ్టన్న అటు చూడలేక అక్క కాళ్లవైపు చూశాడు. వెనకవీధిలోకి తిరగగానే పెద్దాసుపత్రి గేటు వచ్చేసింది.

అక్కడ మీకెవరు తెలుసని ఎవరూ అడగలేదు. ఇద్దరు పరుగున వచ్చి అక్కను లోపలికి తీసుకెళ్లారు. తలకు స్కానింగ్ తీశారు. చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె వచ్చి బావను పక్కకు పిలిచింది.

“ఎప్పుడు మొదలైంది?”

“పొద్దున్న లేచేసరికేనమ్మా.”

“ఇల్లెక్కడ?”

“ఇక్కడే. వెనకవీధి.”

ఆమె రాస్తున్నది ఆపి తలెత్తింది. “వెనకవీధిలో ఉండి ఇంత ఆలస్యమేంటండీ?”

లిఫ్టన్న నోరు పెగల్లేదు. బావ అతనివైపు చూశాడు. ఆ తర్వాత తలొంచుకుని, ఎప్పటిలాగే మెల్లగా చెప్పాడు. “నేనేనమ్మా. నేనే తెమల్చుకోలేకపోయాను.”

నిజంగా నోట్లో నాలుక లేనివాడెవరో లిఫ్టన్నకు అప్పుడు తెలిసింది. బావ చెంప పగలగొట్టినా, నలుగురిలో నానా మాటలన్నా అంత నొప్పి ఉండేది కాదు. డాక్టరమ్మ ఇంకా చెబుతోంది. ఇంజక్షన్ ఇచ్చే వేళ దాటిపోయిందట. ప్రాణానికి భయం లేదట. చెయ్యీ కాలూ మాటా మాత్రం ఎంతవరకు తిరిగొస్తాయో చెప్పలేమట.

చెయ్యి రాలేదు. కాలు కొంచెం వచ్చింది. మాటల్లో ఒకే ఒక్కటి మిగిలింది. ఆటోలో కూర్చున్నంతసేపూ అక్క ‘తమ్ముడున్నాడు, తమ్ముడున్నాడు’ అంటూనే ఉందని బావ తర్వాత చెప్పాడు. అందులో చివరి ముక్కే ఆమె దగ్గర ఉండిపోయింది. మంచినీళ్లు కావాలన్నా ‘ఉన్నాడు’. ఆకలేసినా ‘ఉన్నాడు’. దిండు సర్దమన్నా, దీపం ఆర్పమన్నా అదే. ఆ మాట ఎవరి గురించో ఆమెకే తెలియదని డాక్టరమ్మ చెప్పింది. లిఫ్టన్నకు తెలుసు. బట్టలు కుట్టమని ఇచ్చినవాళ్లు వచ్చి కత్తెర పడని గుడ్డలు తిరిగి తీసుకుపోయారు. బావ మిషను మీద పాత దుప్పటి కప్పాడు.

చుట్టాల ఫోన్లు ఆగలేదు. లిఫ్టన్న జవాబే మారింది.

“ఎక్కడున్నారు పిన్నీ ఇప్పుడు?”

“ఇంట్లోనేరా. మీ బాబాయి గుండెల్లో బరువుగా ఉందంటున్నాడు. బయల్దేరి నీ దగ్గరికే...”

“ఇక్కడికి రావద్దు. ఇక్కడ ఎముకలు తప్ప ఇంకేం చూడరు. మీ సందు చివర గుండె డాక్టరున్న ఆసుపత్రుంది, అక్కడికి వెళ్లు. ఇప్పుడే వెళ్లు.”

“అక్కడ మనకెవరు తెలుసురా? నువ్వున్నావు కదాని...”

“నేనుండి ఏం లాభం పిన్నీ? నేను లిఫ్టు నడుపుతాను.”

బాబాయి బతికాడు. అయినా పిన్ని మనసులో ఆ మాట ముల్లులా ఉండిపోయింది. పెద్దవాడైపోయాడంది, కళ్లు నెత్తికెక్కాయంది. పెళ్లిళ్లలో కనబడితే ముఖం తిప్పుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ‘మన డాక్టరు’ అనే పిలుపు మెల్లగా అరిగిపోయింది. అతను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

చెయ్యీ కాలూ ఆడించే వ్యాయామాలకు ఎముకల ఆసుపత్రి మూడో అంతస్తులోని గదే మంచిదని ఆ డాక్టరమ్మే రాసిచ్చింది. ఇప్పుడు అక్క రావలసిన చోటు నిజంగా ఇదే. బావ ఆమెను చక్రాల కుర్చీలో తీసుకొస్తాడు. లిఫ్టన్న తలుపు తెరిచి పట్టుకుంటాడు. అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు చూసుకుంటారు. ఆ తర్వాత పైకి చేరేదాకా అతను మీటలవైపే చూస్తుంటాడు.

ఒకరోజు ఆ లిఫ్టులోనే ఒకావిడ వాళ్లమ్మను పట్టుకుని ఎక్కింది. ముసలావిడ మణికట్టు వాచిపోయి ఉంది. కూతురు బిత్తరచూపులు చూస్తోంది.

“ఇక్కడ బాగా చూస్తారా అన్నా? మాకిక్కడ తెలిసినవాళ్లెవరూ లేరు.”

ఎముకలకైతే భయం లేదమ్మా అని చెప్పబోయాడు లిఫ్టన్న. ఈలోపు చక్రాల కుర్చీలోంచి ఒక ఎడమచెయ్యి లేచింది. వెతుక్కుంటూ వచ్చి, తనే ఒకప్పుడు విప్పి కుట్టిన ఆ నీలం చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది.

“ఉన్నాడు,” అంది అక్క, ఆవిడవైపు చూస్తూ.

ఆవిడ ముఖం తేటపడింది. లిఫ్టన్నకు మీటల మీద అంకెలు అలుక్కుపోయాయి. తడుముకుని, మూడో అంతస్తు మీట నొక్కాడు.