పాట అందించే మనిషి

మా ఊరి గుడిలో పాటల పుస్తకం ఉన్నవాళ్లు తక్కువ. ఉన్నవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. చర్చిని మా వైపు క్రైస్తవులం గుడి అనే అంటాం. ఆదివారం పాడాలంటే పాట అందించడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మా నాన్న. ముందు నిలబడి ఒక లైను మాటగా చెప్పేవాడు, వెంటనే రాగం ఎత్తేవాడు, చాపల మీద కూర్చున్న జనమంతా దాన్ని అందుకుని రెండుసార్లు పాడేవాళ్లు. వాళ్లు ఊపిరి తీసుకునే సందులో తరువాతి లైను పడేది. ఎడమ వైపు మగవాళ్లు, కుడి వైపు ఆడవాళ్లు, మధ్యలో దారి. ఆ దారి చివర నాన్న.

పామర్రులో బస్సు దిగి ఆటో ఎక్కితే కాలువ గట్టు వెంట వస్తుంది మా ఊరు. నాన్న ఆ కాలువ మీదే లస్కరుగా పనిచేశాడు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, నీళ్ల వంతు కోసం కొట్టుకునే రైతుల్ని విడదీయడం ఆయన ఉద్యోగం. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీద మనిషితో మాట్లాడీ మాట్లాడీ గొంతు అలా తయారైందని అమ్మ అనేది. గుడిలో మైకు పాడైన ఆదివారాల్లో ఎవరూ దాన్ని పట్టించుకునేవారు కాదు.

ఆయన చెప్పింది అందుకునే అలవాటు మాలో ఎంత నాటుకుపోయిందో చెప్పడానికి ఒక కోత పండుగ చాలు. కొత్త వరి కంకుల కుచ్చులు గుమ్మానికి కట్టారు. పాట మధ్యలో ఎవరిదో గేదె దూడ వచ్చి వాటిని నమలడం మొదలుపెట్టింది. అందరూ గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నారు కాబట్టి అది నాన్నొక్కడికే కనిపించింది. లైనుకీ లైనుకీ మధ్య సందులో, "ఎవరన్నా ఆ దూడని తోలండి" అన్నాడు. గుడి మొత్తం కళ్లు మూసుకుని, అదే రాగంలో, ఎవరన్నా ఆ దూడని తోలండి అని పాడింది. అలవాటు ప్రకారం రెండోసారి కూడా పాడింది, మొదటిసారి కంటే భక్తిగా. అమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. పాస్టరు అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది. దూడ మాత్రం ఒక కుచ్చు పూర్తిగా తినేసి తనంతట తనే వెళ్లింది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు వస్తుంది. అంత నమ్మకం ఇప్పుడు ఎక్కడ చూస్తాం? ఆయన నోట్లోంచి ఏది వస్తే అది దేవుడి మాటేనని పాడేసేవాళ్లు.

నేను అలాంటి మనిషిని కాదు. విజయవాడలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాను. కాగితం లేకుండా ఎవరి మాటా నమ్మకపోవడమే నా ఉద్యోగం. పొద్దున్నే వాట్సాప్‌లో పూలబొమ్మల మీద వచ్చే బైబిల్ వాక్యాలకు దండం బొమ్మ పెట్టి ఆటో కోసం పరిగెడతాను. ఇక్కడ నేను వెళ్లే చర్చిలో కుర్చీలు, ఏసీ, గోడంత తెర. పాట మొత్తం దాని మీద పడుతుంది. ఎవరూ ఎవరి నోటికేసీ చూడనక్కర్లేదు. బాగానే ఉంటుంది. కానీ పాటకీ నాకూ మధ్య ఏదో తగ్గినట్టు ఉంటుంది.

సాయంత్రం ఏడింటికి అమ్మ వీడియో కాల్ చేస్తుంది. కుటుంబ ప్రార్థన. నేను వన్ టౌన్‌లో తోపుడుబళ్ల మధ్య ఇరుక్కుని ఉన్నా, కుక్కర్ ముందు నిలబడి ఉన్నా ఎత్తాల్సిందే. అక్కడ నాన్న లైను అందిస్తాడు, ఇక్కడ నేను పాడతాను, నా పాట వాళ్లకు చేరేసరికి వాళ్లు తరువాతి లైనులో ఉంటారు. ఆ గందరగోళానికి నేను విసుక్కుంటే, దేవుడు సర్దుకుని వింటాడులే అనేది అమ్మ. అమ్మకు ప్రతిదానికీ దేవుడు చూసుకుంటాడు అనే మాట ఒకటుంది. చూసుకుంటాడు సరే, అపాయింట్‌మెంట్ ఎవరు తీసుకుంటారని నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. నువ్వు తీసుకుంటావుగా అనేది, అదీ ఆయన ఏర్పాటే అన్నట్టు.

అపాయింట్‌మెంట్ నిజంగానే తీసుకోవాల్సి వచ్చింది. నాన్న మెడలో గడ్డ. థైరాయిడ్ అన్నారు, ఆపరేషన్ చేసి తీసేస్తే గానీ అది మంచిదో చెడ్డదో తేలదన్నారు. విజయవాడ తీసుకొచ్చాను. డాక్టరుగారు బొమ్మ గీసి, గొంతుకు వెళ్లే నరం గడ్డకు ఆనుకుని ఉందనీ, ఎంత జాగ్రత్తగా చేసినా మాట దెబ్బతినే అవకాశం ఉందనీ ముందే చెప్పారు. నేను వంద ప్రశ్నలు వేశాను. నాన్న ఒక్కటే అడిగాడు, పాట పాడొచ్చా అండీ అని. ఆ డాక్టరుగారు అబద్ధం చెప్పలేదు. మాట వస్తుందేమో గానీ పాట గురించి హామీ ఇవ్వలేనన్నారు.

బయటికొచ్చి టీ తాగుతున్నప్పుడు నాన్న గ్లాసు చల్లారేదాకా పట్టుకునే కూర్చున్నాడు. తరువాత నా వైపు చూడకుండా, "నాకు భయంగా ఉందమ్మా. ఇన్నాళ్లూ అందరికీ భయపడొద్దని పాడింది నేనేగా" అన్నాడు.

నాన్న భయపడటం నేను అంతవరకూ చూడలేదు. ఆపరేషన్‌కు కావాల్సిన కాగితాలు సంచిలోంచి తీసి మళ్లీ సర్దడం మొదలుపెట్టాను.

ఆపరేషన్ ముందటి ఆదివారం గుడిలో నాన్నను ముందు కూర్చోబెట్టి అందరూ ప్రార్థన చేశారు. అయ్యగారు తల మీద చేయి పెట్టి, ఈ గొంతుకు ఏమీ కాదని దేవుడు తనతో చెబుతున్నాడని గట్టిగా అన్నారు. ఆమెన్ అని గుడి దద్దరిల్లింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అంత ఖాయంగా చెప్పే దేవుడు ఆ డాక్టరుగారికి కూడా ఒక మాట చెప్పొచ్చుగా అనిపించింది. రేపు గొంతు పోతే ఈయన మాట తప్పినట్టా, దేవుడు మాట తప్పినట్టా? నాన్న ఎవరిని నిందించాలి? నా భయం గొంతు గురించి కాదు. అది పోతే దానితోపాటు నాన్నలో ఉన్న ఆ నమ్మకం కూడా పోతుందేమోనని భయపడ్డాను.

గడ్డ మంచిదేనని తేలింది. గొంతు పోయింది.

పోయింది అంటే పూర్తిగా మూగవాడైపోలేదు. నోరు కదుపుతాడు, గాలి వస్తుంది, మొహం దగ్గర చెవి పెడితే మాట తెలుస్తుంది. నరం కోలుకుంటే తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, ఓపిక పట్టండి అన్నారు. ఓపిక అనే మాట వింటేనే నాకు చిరాకు. ఇంటికి తీసుకెళ్లాక, వంటగదిలో అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఏమడిగామని? మేడలడిగామా? పాడి తనను పొగిడే గొంతునే తీసుకుపోయాడే, ఇదేం న్యాయం అన్నాను. అమ్మ చింతపండు పిసుకుతూ అంతా విన్నది.

"మనిషి ఉన్నాడు కదే" అన్నది ముందు. పిప్పి తీసి పక్కన పెట్టి, "నేనూ అడుగుతానే ఉన్నా. జవాబు రాలా. జవాబు రాలేదని మాట్టాడటం మానేస్తే ఎట్టా?" అన్నది.

ఏడింటి ప్రార్థన మానలేదు అమ్మ. పాట వేళకు మాత్రం ఫోనుకు ఆ చివరా ఈ చివరా నిశ్శబ్దం. ఎవరు అందిస్తారో తెలియక, ఎవరమూ ఎత్తలేక, కాసేపు అలా చూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోయేవాళ్లం. నాన్న తెరలో ఒక అంచుకు జరిగి కూర్చునేవాడు. తరువాత్తరువాత ఆ అంచులో మోచెయ్యి మాత్రమే కనిపించేది.

ఆదివారాలు గుడికి వెళ్లడం మానేశాడని అమ్మ చెప్పింది. ఒకసారి జలుబు, ఒకసారి కాళ్ల నొప్పులు, ఒకసారి ఎవరో తూము దగ్గరికి రమ్మన్నారట, రిటైరైన లస్కరుతో వాళ్లకేం పనో మరి. దేవుడి మీద కోపమా అని ఆయన్ను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఈలోగా గుడిలో కుర్రకారు చందాలేసుకుని ఒక పెద్ద టీవీ కొన్నారు, కీబోర్డు కొన్నారు. పాటలు ఆగిపోకూడదని మంచి మనసుతోనే కొన్నారు. నాన్న నిలబడే చోట గోడకు ఆ టీవీ బిగించారు.

ఒక శనివారం ఊరు వెళ్లాను. ఆదివారం పొద్దున అమ్మ ఇస్త్రీ చొక్కా తీసి నాన్న మంచం మీద పెట్టి, ఒక్క మాట అనకుండా గుడికి బయలుదేరింది. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. నేను గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకోవడానికి ఎంత ఆలస్యం చేయొచ్చో అంతా చేశాను. చివరికి తొడుక్కున్నాడు.

గుడిలో మగవాళ్ల వైపు ఆఖరి చాప మీద, వెళ్లిపోవడానికి వీలుగా గుమ్మం దగ్గర కూర్చున్నాడు. నేను ఆడవాళ్ల వైపు అమ్మ పక్కన. కీబోర్డు మీద ఒక అమ్మాయి పాట మొదలుపెట్టింది. టీవీలో అక్షరాలు వచ్చాయి. పిల్లలూ, చదువుకున్న కోడళ్లూ చక్కగా పాడుతున్నారు. నా చుట్టూ ఉన్న ముసలివాళ్లు మాత్రం పాడటం లేదు. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన వాళ్లు. ఆ పాట వాళ్లకు రాక కాదు, ఎన్నోసార్లు పాడిందే. ముందు ఒకరు లైను చెబితే తప్ప వాళ్ల నోట తరువాతి మాట రాదు. వట్టి చప్పట్లు కొడుతున్నారు, అవి కూడా తాళం తప్పుతున్నాయి. ఇన్ని వారాలూ నాన్న గొంతు గురించే ఏడ్చాను గానీ, ఆ గొంతుతోపాటు వీళ్ల నోరు కూడా పడిపోయిందని నాకు తట్టనే లేదు.

అమ్మకు అవతల కూర్చున్న ఆమె ఒకప్పుడు నాట్ల ముఠాకు మేస్త్రి. ఇప్పుడు మోకాళ్లు పనిచేయవు, నోరు బాగా పనిచేస్తుంది. ఆవిడ నేల మీద చేయి ఆన్చి లేచింది. బయటికి వెళ్తుందనుకున్నాం. మధ్యదారి దాటి మగవాళ్ల వైపు అడుగుపెట్టింది. మా గుడిలో ఆడమనిషి అటు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ నా చేయి పట్టుకుంది. ఆవిడ తిన్నగా వెళ్లి నాన్న పక్కన చతికిలబడింది.

"అన్నయ్యా, నాకా డబ్బాలో అక్షరాలు తెలవ్వు. నువ్వు జెప్పు" అన్నది, పాట మధ్యలోనే, గుడి అంతటికీ వినపడేలా.

నాన్న గొంతు వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నాకు ఇవతలి నుంచే కనిపించింది.

"నీ గొంతు పోతే పోయింది, నా చెవి బానే ఉందిగా. చెవిలో జెప్పు" అని తల వంచి చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.

నాన్న కదల్లేదు. లేచి వెళ్లిపోతాడనే అనుకున్నాను. తరువాత ఆయన పెదాలు కదిలాయి. ఆవిడ తలెత్తి, కాకిగొంతుతో, ఆ లైను ఎత్తింది. రాగం ఎక్కడెక్కడికో పోయింది. నా పక్కనున్న ముసలివాళ్లు దాన్ని ఠక్కున అందుకున్నారు. కీబోర్డు అమ్మాయి ఒక క్షణం తికమకపడి, వేళ్లు ఆపి, వాళ్లకోసం ఆగింది. టీవీలో పాట ముందుకు వెళ్లిపోయింది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆవిడ మళ్లీ చెవి వంచింది. గుడి మొత్తం మాట్లాడకుండా, నాన్న నోట్లోంచి వచ్చే గాలి కోసం ఎదురుచూసింది.

ఇంకొకామె లేచి వెళ్లింది, ఇంకొకామె. నాన్న చుట్టూ నెరిసిన తలలు గుమిగూడాయి. మగవాళ్లు జరిగి చోటిచ్చారు. అయ్యగారు ప్రసంగం కోసం లేచినవారు మళ్లీ కూర్చుండిపోయారు. ఆ టీవీని నేను చక్కగా చదవగలను. అయినా లేచి మధ్యదారి దాటి వెళ్లి, ముసలివాళ్ల వెనకాల మోకాళ్ల మీద కూర్చుని చెవి ఒగ్గాను.

మేము అడిగింది దేవుడు ఇవ్వలేదు. ఇది రాస్తున్న రోజుకీ నాన్న గొంతు తిరిగి రాలేదు. అమ్మ అడుగుతూనే ఉంది, నా కోపం కూడా పూర్తిగా పోలేదు. కానీ ఆ ఆదివారం నుంచి నాన్న గుడికి అందరికంటే ముందు వెళ్తున్నాడు. ఏడింటికి ఫోనులో ఆయన మొహం నిండుగా కనిపిస్తుంది. ఆయన ఒక్కో లైను అమ్మ చెవిలో చెబుతాడు, అమ్మ నాకు చెబుతుంది.

ఆ రోజు ఆరాధన అయిపోయాక కాలువ గట్టు మీద ఇంటికి నడుస్తుంటే నాన్న నా భుజం తట్టి ఆగాడు. ఏదో చెబుతున్నాడు, గాలికి తెలియడం లేదు. దగ్గరికి వెళ్లి చెవి పెట్టాను.

"ఇవాళ బాగా పాడాం కదమ్మా" అన్నాడు.