గోడలోకి పోయిన పచ్చ తీగ

కొళాయిలో కరెంటు కొడుతోందని నీళ్ళ ఆఫీసుకు మూడుసార్లు మనవి రాసి ఇచ్చాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఈ ఉదయం మళ్ళీ మా వీధి నీటి మోటారు గది బయట, మోటారు గొట్టానికే ఉన్న ఇనుప కొళాయి తాకగానే వేళ్ళ చివర చీమలు పాకినట్టు జుమ్మంది. ఆ జుమ్మును తేలిగ్గా తీసుకోకూడదని నాకు నేర్పిన మనిషి గోవిందమ్మక్క. ఆమె బతికి ఉంటే ఇన్ని రోజులు ఆగేది కాదు.

తమిళనాడు ధర్మపురిలో కారిమంగళం పోయే దారిన ఒక రేకుల షెడ్డులో ఆమె కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టేది. నేను పంతొమ్మిదేళ్ళప్పుడు ఆమె దగ్గర పనిలో చేరాను. ఆమెకు ఏ భాషలోనూ చదవడం రాదు. మొదటిరోజు మూడు తీగలు నా ముందు పరిచింది.

“ఇది ఫేజు, కరెంటు తెచ్చేది. ఇది న్యూట్రల్, తిరిగి తీసకపొయ్యేది.”

“మరి ఈ పచ్చది అక్కా?”

“ఎర్తు. రోజూ దానికి పని ఉండదు. మోటారు ఒంట్లోకి కరెంటు దిగిన దినం దాన్ని భూమిలో పాతిన కడ్డీలోకి లాక్కుపోతుంది, అంతే. పని లేదని అందరూ దాన్నే ఎగ్గొడతారు. నువ్వు ముందు దాన్నే చూడు.”

ఆమె దగ్గర ఒక పరీక్ష దీపం ఉండేది: హోల్డరులో బల్బు, దానికి రెండు తీగలు. పనిచోటుకు పోయేముందు దాన్ని షెడ్డులో వెలిగించి చూసేది. అక్కడ పరీక్షించాక తిరిగి వచ్చి మళ్ళీ వెలిగించేది. రెండుసార్లు ఎందుకని నేను నవ్వితే, “చచ్చిన బల్బు కూడా కరెంటు లేదనే చెప్తుంది రా” అంది.

నన్నూ ఆ బల్బులాగే చూసింది. ఎన్నేళ్ళు పనిచేసినా నేను బిగించిన ప్రతి ప్లేటూ విప్పి చూసేది. కడత్తూరులో ఒక పిండిమిల్లులో సాకెట్టు విప్పి, మిల్లు యజమాని ముందే నన్ను నిలదీసింది. ఎర్తు తీగ లాగే ఓపిక లేక పచ్చదాన్ని సాకెట్టులోనే న్యూట్రల్‌కు కలిపేశాను.

“రెండూ పొయ్యేది ఒకచోటికే కదక్కా” అన్నాను.

“న్యూట్రల్ తెగిన దినం? మిషన్ ఒళ్ళంతా ఫేజే. ఆ దినం ఈయన పెండ్లాం పిండికి వచ్చి చెయ్యి పెడితే నువ్వు వచ్చి ఏడుస్తావా?”

యజమాని నవ్వాడు. అందరూ చూస్తుండగా మళ్ళీ మొదటినుంచీ చేయించింది. ఆమె చెప్పింది నిజమే. కానీ ఆ నవ్వును నేను ఇప్పటికీ మరచిపోలేదు, మరచిపోను.

పోయేముందు ఆ దీపాన్ని నాకే ఇచ్చింది. పోయిన నెల మోటారు తిప్పేవాడు గది తెరిచినప్పుడు దానితోనే చూశాను. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకూ పచ్చ తీగకూ మధ్య పెడితే చీకటి. మళ్ళీ న్యూట్రల్‌కు పెడితే వెలుగు. దీపం అబద్ధం చెప్పలేదు, పచ్చ తీగే భూమికి అందడం లేదు. పచ్చ తీగ గోడ వెంట దిగి నేల దగ్గర సిమెంటులోకి పోతుంది. గోడంతా పాతది, ఆ చారెడు పూత మాత్రం కొత్తది. నా రెండో మనవి అందిన వారానికే పూశారు. దాచడానికి కాకపోతే ఇంకెందుకు?

ఆఫీసులో అడిగితే ఒకాయన తలెత్తకుండానే, “మోటారు తిరుగుతా ఉంది, నీళ్ళు వస్తా ఉండాయి, ఇంకేం కావాలన్నా నీకు? పాక్కలాం” అన్నాడు. అరవంలో, చూద్దాం అని. ఎదురింటి మంగమ్మను కొళాయి ముట్టుకోవద్దంటే, “నీవు మోసుకొచ్చి పోస్తావా సామీ నీళ్ళు?” అని ఎగతాళి చేసింది. ఆమె తడికాళ్ళతోనే బిందె పట్టుకుంటుంది. చెప్పులు కూడా వేసుకోదు.

గోవిందమ్మక్క నన్ను నమ్మలేదు. నేనిప్పుడు ఆ పూతను నమ్మను. వానలు మొదలయ్యేలోగా ఎవరైనా వచ్చి, నా కళ్ళ ముందు దాన్ని పగలగొట్టి చెప్పండి: ఆ పచ్చ తీగ చివర భూమిలో కడ్డీ ఉందా, లేదా?