పేర్లు పెట్టినవాడి తల

మా మెటల్ బ్యాండు గుంపులో పేర్లు పెట్టే పని నాది. వీపు దాకా జుట్టు పెంచి, నల్ల టీషర్టు వేసుకుని, తల విదిలిస్తూ పాట వినేవాడు మెటల్‌హెడ్. కంటి మీదికి ముంగురులు దించుకుని ఎప్పుడూ బాధపడేవాడు ఇమో. జుట్టుకు రాగి రంగు కొట్టించి, చెవుల పక్కన గీతలు పెట్టించుకుని, స్కూటర్ మీద ముగ్గురేసి తిరిగేవాళ్ళు పుల్లింగోలు. ఈ పేర్లేవీ నేను పుట్టించినవి కావు, బెంగళూరు వీధుల్లో దొరికేవే. ఎవరికి ఏది అంటించాలో తేల్చేది మాత్రం నేనే. అన్నిటికన్నా పెద్ద తిట్టు పోజర్. అంటే ఉత్త వేషగాడు, లోపల సరుకు లేనివాడు. ఎవడైనా బ్యాండు బొమ్మ ఉన్న టీషర్టుతో మా ప్రాక్టీసు గదికి వస్తే, ఆ బ్యాండువి మూడు పాటలు చెప్పమనేవాణ్ణి. రెండు చెప్పి నసిగితే పోజర్. ఉద్యోగం కోసం జుట్టు కత్తిరించుకుంటే ఎంత బాగా వాయించినా పోజరే. అలా ఒక మంచి డ్రమ్మర్‌ని నా నోటితోనే వెళ్ళగొట్టాను.

మాది కాటన్‌పేట, మూడు తరాలుగా అక్కడే. నాన్నకు బళేపేటలో గాజుల దుకాణం. "ఆడోళ్ళు గాజులు కొనేకి వస్తే నీ జడ చూసి నవ్విపోతారప్పా" అనేవాడు. బంధువులు బైరాగి అనేవాళ్ళు. నాకేం బాధ ఉండేది కాదు. నిజానికి నేను పెద్ద పాటగాణ్ణి కాను, గొంతు చించుకుని అరిచేవాణ్ణి, అంతే. నన్ను వేదిక మీద నిలబెట్టింది గొంతు కాదు, జుట్టు. ఆ సంగతి నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం అమ్మ నా తలకు నూనె రాస్తూ ఆగిపోయింది. "ఇక్కడేమప్పా, ఇంత నున్నగా ఉండాది?" అంది. చెవి వెనక, రూపాయి బిళ్ళంత చోట, ఒక్క వెంట్రుక లేదు. పేనుకొరుకుడు అని తనే తేల్చి, గురివింద గింజ అరగదీసి పూసింది. మంట తప్ప ఏమీ రాలేదు. చర్మం డాక్టరు తలంతా సూదులు పొడిచి, అంటుకునే జబ్బు కాదు, ప్రాణానికేం కాదు అన్నాడు. ప్రాణానికేం కాదన్న మాటకు ఒళ్ళు మండింది. మూడు వారాల్లో మా ప్రదర్శన ఉంది. ఆ రోజు వేదిక మీద నేను ఉంటానా లేదా అన్నదొక్కటే నా బెంగ. పొద్దున లేచి దిండు వైపు చూడాలంటే భయం. మచ్చ పక్కన మచ్చ లేచింది. తలగుడ్డ కట్టుకుని ప్రాక్టీసుకు వెళ్ళాను, మెడ పట్టేసిందని చెప్పి తల కదపకుండా పాడాను.

ప్రదర్శన నాలుగు రోజులుందనగా ఇక దాచడం నా వల్ల కాలేదు. వీధి చివర కటింగ్ షాపులో కూర్చుని మొత్తం తీసేయమన్నాను. షాపు పెద్దాయన నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. "తిరపతిలో ఇచ్చింటే పుణ్యమన్నా వచ్చుండు కదప్పా" అన్నాడు. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఆయన కుర్చీని అద్దం నుంచి పక్కకు తిప్పాడు.

ఆ సాయంత్రం గుండుతో ప్రాక్టీసు గదిలోకి వెళ్ళాను. తీగలు సవరిస్తున్న గిటారిస్టు చెయ్యి ఆపేశాడు. విజయవాడ నుంచి ఉద్యోగానికొచ్చి, ఆఫీసులో జుట్టు ముడేసుకుని నెట్టుకొస్తున్నవాడు.

"ఏంట్రా ఇది? మొక్కా?" అన్నాడు.

మొక్కంటే మళ్ళీ పెరిగేదాకా చూస్తారు. పెరగకపోతే? నిజం చెబితే జాలిపడతారు, నా తల మీద మచ్చలు లెక్కపెడతారు. ఆ జాలి కన్నా ఏ తిట్టయినా నయమనిపించింది.

"కొత్త ఉద్యోగం. జుట్టు ఉండకూడదన్నారు" అన్నాను.

అతను మెల్లగా, ఇష్టం లేకుండానే, "పోజర్" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చట్టం నాది, శిక్ష నాది. ఎవరిని తప్పు పట్టను? ప్రదర్శనలో నా బదులు ఇంకొకరు పాడారు. నన్నడిగితే నాకన్నా బాగానే పాడి ఉంటారు.

ఆ తర్వాత కనుబొమ్మలు పోయాయి, రెప్పల వెంట్రుకలూ పోయాయి. పాటలు వినడం మానేశాను. వింటే మెడ దానంతటదే కదులుతుంది, విదిలించడానికి ఏమీ ఉండదు. ఇప్పుడు నాన్న దుకాణంలో కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళు అన్నా అంటారు, సైజు చెబుతారు, వెళ్ళిపోతారు. నేను ఇదివరకు వేదికెక్కి పాడేవాణ్ణని ఇంట్లోవాళ్ళు కూడా మరిచిపోయారు. నా తల ఇంతకన్నా బాగుపడేదేమీ లేదని నాకు తెలిసిపోయింది.

మొన్న మధ్యాహ్నం ఆ గిటారిస్టే భార్యకు గాజులు కొనడానికి వచ్చాడు. దుకాణం మాదని తెలియక వచ్చాడు. ముందు నన్ను పోల్చుకోలేదు. తర్వాత కనుబొమ్మలు ఉండాల్సిన చోట అతని చూపు ఆగింది.

"ఇదా సంగతి?" అన్నాడు.

"ఇదే."

"ఒక్క మాట చెప్పొచ్చు కదరా. మాలో ఎవడైనా నవ్వేవాడా?"

ఆ గదిలో ఉండేవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకున్నాను. అందరూ మంచివాళ్ళే. ఇలాంటి తల ఇంకొకరిదైతే, సాయంత్రానికల్లా దానికో పేరు పెట్టి గదంతా నవ్వించేవాడు వాళ్ళలో ఒక్కడే ఉన్నాడు.

"నేను నవ్వేవాణ్ణి" అన్నాను.

అలా ఏం కాదులేరా అంటాడని అతని మొహం చూస్తూ నిలబడ్డాను. అతను గాజుల డబ్బా సంచిలో పెట్టుకున్నాడు, నా భుజం మీద చెయ్యి వేశాడు, ఆ మాట మాత్రం అనలేదు.